మగ్రిబ్ దాకా సముద్రం

నాకు కోపం జల్దీ వస్తది. ముందుగాలనే చెప్తున్న. ఒక పొద్దు ఒకామె మా దుకాణంలకు వచ్చి సెంటు సీసా తీసి కౌంటర్ మీద పెట్టంగనే నాకు మండింది. మేడ్చల్ బజార్ల మాది అత్తరు దుకాణం. మా తాత పెట్టిండు, మా అబ్బా నడిపిండు, ఇగ ఇప్పుడు నేను కూసుంటున్న. అబ్బా అంటే నాయిన. మా దగ్గర స్పిరిట్ కలిసిన సెంట్లు దొరకవు. గులాబీ, మొగలి, వట్టివేరు, గంధం, అంబర్, అన్నీ నూనెలే. బయట బోర్డు మీద అదే పెద్దగ రాసి ఉంటది. మనిషిని చూస్తే చదువుకున్నామె. బోర్డు చదవకుంట సీదా లోపటికొచ్చి, ఇట్లాంటిదే కావాలండి అంటే ఎట్లుంటది?

ఆమె శామీర్‌పేట దిక్కు కొత్తగ లేసిన కాలనీల ఉంటదట. అల్వాల్‌ల బడి పంతులమ్మ. పుట్టిందేమో భీమిలి దగ్గర, సముద్రం ఒడ్డున. మాట మెత్తగ ఉంది, మాటకొక 'అండి'. ఆ సెంటును ఇరవై ముప్పై ఏండ్ల నుంచి వాడుతున్నదో ఏమో గాని, కంపెనీ ఇప్పుడు దాన్ని చేసుడు బంద్ వెట్టిందట. సీసా అడుగున ఇంత మిగిలింది. ఇంట్ల వాళ్ళాయనకు ఆయాసం, స్ప్రే కొడితే దగ్గు పట్టుకుంటదట. అందుకని ఇదే వాసన నూనెల చేసిస్తరా అని అడిగింది.

నేను నా చేతి వెనక కొట్టమన్న. కొట్టింది. అత్తరు రాసినంక మేము ఎట్ల చేస్తమో అట్లనే రెండు చేతులు బాగ రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్న. నిమ్మకాయ, దాని వెనక ఇంత ఉప్పు. అమ్మా, ఇది గోలీ సోడా గద అన్న. ఆమె ఏం అనుకోలేదు, నవ్వింది. రుద్దొద్దండి, రుద్దితే పైన ఉన్నది పాడైపోతుంది, సాయంత్రం దాకా ఉండనిచ్చి అప్పుడు చెప్పండి అన్నది.

ఆ మాటకు నేను చేతులు రుద్దుడు ఆపిన. ఎందుకంటే అది మా అబ్బా మాట. ఏ వాసననైన మా అబ్బా నమాజు నమాజుకు చూస్తుండె. తెల్లారంగ మల్లుగుడ్డ పేలిక మీద ఇంత రాసి తాడుకు తగిలిస్తుండె. మధ్యాహ్నం జొహర్ చదివొచ్చి ఒకసారి, పొద్దు వాలినంక అసర్‌కు ఒకసారి, పొద్దుగూకినంక మగ్రిబ్‌కు ఒకసారి. మగ్రిబ్ దాకా హా అనొద్దు, నై అనొద్దు, ఇదే నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం. స్ప్రే సెంటు కొట్టుకునే మనిషి నోట్లకెళ్ళి అది వినవడితే నాకు కొంచెం సిగ్గైంది, కొంచెం ఒళ్ళు మండింది గూడ.

పోతుపోతు ఆమె అన్నది, మేడ్చల్‌ల ఒక పెద్దాయన ఉన్నారట, వాసన చూసి అందులో ఏమేమున్నాయో చెప్పేస్తారట, ఆయన మీ నాన్నగారేనా అని. నేను ఔనన్న. ఆయనే చేస్తడు, సీసా ఇచ్చి పోండ్రి అన్న. ఆ మాట నా నోట్లకెళ్ళి ఎట్లొచ్చిందో నాకే తెల్వదు. మా అబ్బా దుకాణం గడప తొక్కక రెండేండ్లు అయింది.

కరోనా జ్వరం అందరికి వచ్చినట్టే ఆయనకు వచ్చింది. జ్వరం పోయింది. దాంతోపాటు వాసన గూడ పోయింది. శానమందికి పోయి మళ్ళొచ్చింది గద, వస్తది తీ అనుకున్నం. కొన్ని నెలలు ఏది ముక్కు దగ్గర పెట్టినా మాడిన వాసనే అంటుండె. చాయ్ మాడింది, అన్నం మాడింది, గులాబీ మాడింది. అల్వాల్‌ల డాక్టర్ చూసి, అది ఉత్త భ్రమ, లోపల నరం దెబ్బతింటే అట్లనే అయితది, పొద్దుమాపు ఘాటు వాసనలు పీల్చమనుండ్రి, రావచ్చు రాకపోవచ్చు అన్నడు. తర్వాత ఆ మాడు వాసన గూడ పోయింది. ఇగ ఏం లేదు.

అయినా ఎవ్వరికి చెప్పకుంట కొన్నాళ్ళు దుకాణం నడిపిండు. సీసా మూత తీస్తడు, పీలుస్తడు, బాగుంది అంటడు. అన్ని ఏండ్ల అలవాటు, చెయ్యికి ఎరుకే గద. కాని ఒక శుక్రవారం జుమ్మా నమాజుకు ఆయన ఎప్పటిలెక్కనే అత్తరు రాసుకొని మసీదుకు పోయిండు. ఎప్పటిలెక్క అంటే ఆయన లెక్క. వాసన తెల్వకపాయె, అందలేదని మళ్ళ ఇంత, మళ్ళ ఇంత రాసుకున్నడు. పక్కన నిలవడ్డాయన దగ్గుకుంట లేసి వెనక వరుసకు పోయిండట. ఇంకొకాయన రుమాలు అడ్డం పెట్టుకున్నడట. నలభై ఏండ్లు ఆ మసీదుల వాళ్ళందరి చేతులకు అత్తరు రాసిన మనిషి. ఇంటికొచ్చి దుకాణం తాళాలు నా చేతుల పెట్టిండు. ఆనాటి సంది నమాజుకు బజారు గల్లీల నుంచి పోడు. వెనక నుంచి, బర్రెల కొట్టాల పక్కపొంటి సుట్టు తిరిగి పోతడు. దుకాణం కంటికి కనవడొద్దు, అంతే.

అదీ మా పరేషాన్. అమ్మ పోయి శాన ఏండ్లయింది. మా ఇంటాయన బస్సు డిపోల పనిచేస్తడు, పొద్దంతా అక్కడనే. ఇంట్ల మా అబ్బా ఒక్కడు గోడకు ఆనుకొని కూసుంటడు. ఆయన మళ్ళ దుకాణంల కూసోవాలె. నాకు ఇంకేం వద్దు. ముక్కు వస్తే మంచిదే, రాకపోయినా దుకాణానికైన రావాలె గద అని ఎన్నిసార్లు కొట్లాడిన్నో. ముక్కు లేకుంట రాను అని ఆయన, వస్తదో రాదో తెల్వని దాని కోసం ఇట్ల కూసుంటరా అని నేను.

ఆ సెంటు ఆ రోజు నా చేతి మీద పొద్దంతా ఉంది. జొహర్ అప్పటికి నిమ్మకాయ జాడ లేదు. శామీర్‌పేట చెరువు కట్ట మీద పొద్దుగాల నిలవడితే ముక్కుకు సల్లగ ఒకటి తగుల్తది సూడుండ్రి, నీళ్ళది కాదు, నీళ్ళ మీద గాలిది, అది వచ్చింది. దాంట్ల ఉప్పు. అసర్ వరకు ఉప్పు కిందికి దిగి ఎండుటాకు, చెట్టు బెరడు పైకొచ్చినయి. మగ్రిబ్‌కు నేను రొట్టెలు చేస్తుంటే, పిండి చేతుల నుంచి కట్టె వాసన. కొత్త కట్టె కాదు, చానా దినాలు నీళ్ళల్ల నాని ఎండిన కట్టె. దాని కింద తియ్యగ, ఉప్పగ ఇంకేందో ఉంది. పెనం మీద రొట్టె మర్చిపోయి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకొని నిలవడ్డ. మా అత్తర్లు పొద్దుగాల ఏదైతే చెప్తయో మాపుకు గూడ అదే చెప్తయి, మెల్లగ. ఇది మాత్రం పూటకొక మనిషైంది. గోలీ సోడా అన్నందుకు నన్ను నేనే తిట్టుకున్న.

మరుసటి రోజు సీసా తీస్కపోయి అబ్బా ముంగట పెట్టిన. అట్ల ఎందుకు ఒప్పుకున్నవని లేసిండు. ముక్కు లేనోనితోని అత్తరు పనా, నలుగురు నవ్వుతరు అన్నడు. నేను గూడ తక్కువ తినలేదు, మాటకు మాట అన్న. ఇద్దరం మొఖాలు తిప్పుకున్నం.

తర్వాత నేను బతిమాలలేదు. బతిమాలితే ఇంకింత బిగుసుకుంటడు. పేలిక మీద సెంటు కొట్టి ఆయన పక్కన తాడుకు తగిలించి, కూరగాయలు తరుక్కుంట నాలో నేనే మాట్లాడుకున్నట్టు, తడిరాయి వాసన వస్తాంది అన్న. ఆయన ఇనలేదు. మళ్ళ అన్న, తడిరాయి, తడిరాయి అని. కాసేపటికి ఆయనకు ఉండవట్టలేదు.

"తడిరాయి అంటే ఏం రాయి? బాయి లోపటి రాయా, వాన వడ్డ రాయా?"

నేను తెల్వనట్టే మళ్ళ పీల్చి, ఏమో రెండిటికి నడిమిట్ల ఉంది అన్న. నడిమిట్ల ఉండదు, సక్కగ చూడు అని కోపం జేసిండు. సక్కగనే చూసిన. బాయి రాయి. అట్లయితే వట్టివేరు పని, పాత వట్టివేరు అన్నడు. ఆకు వాసన ఏందంటే వాము ఆకు తీర్గ ఉంది అన్న. నలిపిన ఆకా, ఎండినదా? ఎండినది. కట్టె? గంధం కాదు, దేవదారు దిక్కు. అడుక్కుంట అడుక్కుంట ఆయన గోడ నుంచి ఇవుతలకు జరిగిండు. నేను చూసి చూడనట్టే ఉన్న.

గట్ల మొదలైంది మా పని. నా ముక్కు, ఆయన తలకాయ. ఇంట్ల మేము మాట్లాడేది దక్కనీ ఉర్దూ, వాసనల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇద్దరికి తెలుగే వస్తది, ఎందుకంటే ఆ రాళ్ళు, ఆకులు, బాయి అన్నీ ఈ ఊరివే. నేను చెప్తుంటే ఆయన కండ్లు మూసుకుంటడు. పాత దుకాణమంతా ఆయన తలకాయల ఉంది, ఏ అల్మారల ఏ సీసా ఉందో సుత. ఇంత దేవదారు, ఇంత వట్టివేరు, మొగలి వద్దు, అది మిఠాయి వాసన కొడ్తది అంటడు. మొదటిసారి కలిపితే దవాఖానల నేల తుడిచిన వాసన వచ్చింది. రెండోసారి ఉత్త కీరకాయ. మా ఇంటాయన డ్యూటీ నుంచి వచ్చి, ఇయ్యాల బస్సులు ఇంట్లనే కడిగినరా అన్నడు. అబ్బా నవ్విండు. నవ్వంగ చూసి ఎన్ని దినాలైందో. నేను లోపటికి పోయి కొంగుతోని కండ్లు తుడుసుకున్న.

నూనెల ఒక తిరకాసు ఉంది. స్ప్రే సెంటు కొట్టంగనే నిమ్మకాయ ఎగిరి మొఖం మీద వడ్తది. నూనె ఎగరది, మెల్లగ లేస్తది. ఎంత వేసినా ఆ మొదటి నిమ్మకాయ వస్తలేదు. అబ్బా అడిగిండు, ఆమెకు ఏ పూట వాసన కావాలె, పొద్దుగాలదా మగ్రిబ్‌దా అని. నేను ఆ ముచ్చట అడుగనే లేదు. ఫోన్ చేసిన.

"సాయంత్రందేనండి. బడి నుంచి వచ్చి వాచీ తీస్తాను కదా, అప్పుడు మణికట్టు దగ్గర మిగిలి ఉంటుంది. అది చాలు నాకు" అన్నది. మీ ఊరి సముద్రం అట్లనే ఉంటదా అని అడిగిన, నేను సముద్రం చూడలేదు గద. నవ్వింది. మా ఊరి సముద్రం ఎండుచేపల వాసనండి, తడితాళ్ళ వాసన, పడవలకు పూసే నూనె వాసన, ఈ సెంటులో అవేం లేవు, కానీ రోజూ సాయంత్రం ఇది చూసుకుంటే మా ఇంటి కిటికీ తెరిచినట్టుంటుంది అన్నది.

ఆ మాట అబ్బాకు చెప్పిన.  గంధం పెట్టె అడుగున నల్ల సీసా ఉంటది తే అన్నడు. తెచ్చిన. సముద్రపు గవ్వల పెంకులు కాల్చి తీసిన నూనె అది. నఖ్ అంటరు. మా తాత ఎప్పుడో అత్తర్లకు పేరువడ్డ కనౌజ్ నుంచి తెచ్చిండు. మూత తీస్తే పొగ, మాడు, దాని లోపట ఎక్కడో ఉప్పు. ఒట్టిగ పీలిస్తే ఎవ్వరికి నచ్చదు. గంధంల పుల్లతోని ముంచి ఇంత కలిపితే మాత్రం మిగిలినవన్నీ దాన్ని పట్టుకొని నిలవడ్తయి. మన మూడు తరాలోళ్ళం సముద్రం చూడలేదు బేటీ, అది మాత్రం మన పెట్టెలనే ఉంది అన్నడు. ఎంత వెయ్యాల్నో చెప్పిండు. అది నాకు జర ఎక్కువనే అనిపించింది. అయినా ఆయన మాట మీద మాట ఎందుకని అంతే వేసిన.

తెల్లారి పేలిక మీద రాసి వాకిట్ల తాడుకు తగిలించి దుకాణానికి పోయిన. ఆ రోజు బజార్ల గిరాకి మస్తు ఉండె, జొహర్‌కు అసర్‌కు ఇంటికొచ్చి చూసుడు కాలేదు. మగ్రిబ్ అయినంక వచ్చిన. అబ్బా నమాజు చదివొచ్చి వాకిట్ల తాడు కింద మంచం మీద కూసున్నడు. గాలి బాగ వస్తాంది. నేను చెప్పులు ఇడుస్తున్న, అప్పుడే అడిగిండు.

"పొయ్యి మీద ఏం మాడుతాంది?"

నేను ఉరికిన. పొయ్యి బంద్ ఉంది. గిన్నెలు కడిగి బోర్లేసి ఉన్నయి. గోడ అవుతల ఎవరన్న చెత్త కాలవెడ్తున్నరా అని చూసిన, ఎవ్వరు లేరు. అప్పుడు నాకు యాదికొచ్చింది. ఆ మాడు వాసన మళ్ళొచ్చింది. ఉత్త భ్రమ అని డాక్టర్ చెప్పిండు గద, అదే. మళ్ళ చాయ్ మాడింది, అన్నం మాడింది అని మొదలైతదేమో. ఇన్ని దినాలు నవ్వుకుంట పని జేసిన మనిషి మళ్ళ గోడకు ఆనుకుంటడు. వచ్చి ఏం మాడలేదు అబ్బా అని మెల్లగ చెప్పిన. ఆయన మొఖం గూడ వాడింది. ఆయనకు గూడ అదే భయం అయింది. తల కిందికేసుకున్నడు.

గాలికి పేలిక ఊగి నా మొఖానికి తాకింది. నఖ్. నిమ్మకాయ పోయింది, ఆకు పోయింది, ఇగ మిగిలింది కట్టె, దాని కింద మాడిన గవ్వ. ఆయన తల మీదనే ఉంది పేలిక. ఆయనకు తగిలిన మాడు ఇదేనా?

ఆయనకు చెప్పకుంటనే పేలిక తీసి ఒక పిడికిట్ల వెట్టుకున్న, ఏం రాయని పేలిక ఇంకొక పిడికిట్ల. సిన్నప్పుడు పల్లీలు దాచిపెట్టి ఆడుకున్నట్టు రెండు చేతులు ఆయన ముంగట వెట్టిన. ఎందుల మాడింది అబ్బా అని అడిగిన. ఆయన నా మొఖం చూసిండు. వంగిండు. దీంట్ల అన్నడు. చేతులు వెనకకు వెట్టి పేలికలు మార్చిన. దీంట్ల అన్నడు. మళ్ళ మార్చిన. కొంచెంసేపు పీల్చి, దీంట్ల అన్నడు. నాకు ఇంకా నమ్మకం కుదరలే. లోపటికి పోయి సబ్బుతోని చేతులు కడిగి, ఏం రాయని పేలికలే రెండు పిడికిళ్ళల్ల పట్టుకొని వచ్చిన. ఆయన ఈ చెయ్యి పీల్చిండు, ఆ చెయ్యి పీల్చిండు, మళ్ళ ఈ చెయ్యి.

"రెండిట్ల లేదు. ఎందుకు మోసం జేస్తున్నవ్?"

నేను అక్కడనే నేల మీద కూసొని ఏడ్చిన. సప్పుడు చేసుకుంట, చిన్నపిల్లలెక్క. ఆయన నా తల మీద చెయ్యి పెట్టిండు. పేలిక మళ్ళ అడిగి తీస్కొని, కండ్లు మూసుకొని శానసేపు ముక్కు దగ్గర పెట్టుకున్నడు. మొదటిమాట ఏమంటడో అని చూస్తున్న. అల్లాకు షుకర్ అంటడు అనుకున్న.

"నఖ్ ఎక్కువ వేసినవ్" అన్నడు.

నాకు ఏడ్పులనే కోపం వచ్చింది. మీరు ఎంత చెప్పిండ్రో అంతే వేసిన గద అన్న.

"అది ముక్కు లేనప్పుడు జెప్పిన" అన్నడు.

ఆ తర్వాత ఇద్దరం నవ్వినం. అన్నీ వచ్చినయని నేను అంటలేను. గులాబీ ఇంకా రాలేదు. మల్లె రాలేదు. గంధం ఒకపూట వస్తది, ఒకపూట రాదు. ఇప్పుడు ఆయన పొద్దుమాపు డాక్టర్ చెప్పినట్టు సీసాలు పీలుస్తుండు, నేను అడుగకుంటనే. నఖ్ తగ్గించి మళ్ళ కలిపినం, ఈసారి నేను నోరు మూసుకొని ఆయనకే ఒదిలేసిన.

పంతులమ్మ వచ్చే రోజు పొద్దుగాల నేను తాళాలు తీస్కొని బయలెల్లుతుంటే ఆయన షేర్వాణి వేసుకొని వాకిట్ల నిలవడి ఉన్నడు. బర్రెల కొట్టాల దిక్కు తిరుగుతడేమో అని చూసిన. బజారు గల్లీల వడ్డడు. నాకంటే ముందుగాల, జల్దీ జల్దీ. షట్టర్ నేనే లేపిన. ఆయన తన జాగల కూసొని గద్దె మీద దుమ్ము దులిపిండు, ఎంత దుమ్ము వెట్టినవ్ అని నన్ను తిట్టిండు.

ఆమె వచ్చింది. మా అబ్బా పుల్లతోని ఆమె చేతి వెనక ఇంత రాసిండు. ఆమె అలవాటుగ పీల్చింది. నిమ్మకాయ లేదు గద, మొఖంల కొంచెం నిరాశ కనవడ్డది, పెద్దమనిషి ముంగట చెప్పలేక బాగుందండి అనబోయింది. మా అబ్బా చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఇప్పుడే ఏం అనకుండ్రి అమ్మా. పొద్దుగూకనియ్యుండ్రి" అన్నడు.